ఏ తేదీ నాటి చట్టం?

కక్షిదారు తన గోడంతా చెప్పుకుని 'చట్టం ఏమంటున్నది?' అని అడిగినప్పుడు తడుముకోకుండా జవాబు చెప్పగలగడం న్యాయవాద వృత్తికి ఆయువుపట్టు. గత కొన్నేళ్ళుగా దేశంలోని న్యాయవాదులు ఆ జవాబుకు ముందు తామే ఒక ఎదురు ప్రశ్న వేయవలసి వస్తున్నది. నేరం ఏ తేదీన జరిగింది? అరెస్టు ఏ రోజున, ఏ పూట జరిగింది? ఖనిజం తవ్వినది ఏ సంవత్సరంలో? పర్యావరణ అనుమతి చేతికందినది ఫలానా తీర్పుకు ముందా, తరువాతా? తేదీ తెలియనిదే చట్టం చెప్పలేని పరిస్థితి నెలకొన్నది.

ఇందుకు కారణాలు రెండు దిక్కుల నుంచి వచ్చాయి. దశాబ్దాలుగా, కొన్ని సందర్భాలలో శతాబ్దానికి పైగా అమలులో ఉన్న చట్టాలను తొలగించి పార్లమెంటు వాటి స్థానంలో కొత్తవి తెచ్చింది. నేర చట్టాలు, కార్మిక చట్టాలు, ఆదాయపు పన్ను చట్టం ఈ కోవలోవి. అదే కాలంలో సుప్రీంకోర్టు తన తీర్పులను తానే తిరగరాసింది. వాటిలో కొన్ని పదుల ఏళ్ళనాటివి. మరికొన్నిటికి ఏడాది కూడా నిండలేదు. మొదటి రకం మార్పు శ్రమతో కూడినదే అయినా చదివి నేర్చుకోదగినది. రెండవది అలాంటిది కాదు. అత్యున్నత న్యాయస్థానం తీర్పు చెప్పిన తరువాత కూడా అదే తుదిమాట అవునో కాదో తేల్చుకోలేకపోతే, ఆ తీర్పును నమ్మి న్యాయవాది ఇచ్చిన సలహాకు విలువ ఏ మేరకు ఉంటుంది? ఆ సలహాను నమ్మి పెట్టుబడి పెట్టినవారు, జైలులో ఉన్నవారు, ఉద్యోగం కోసం ఎదురుచూస్తున్నవారు ఏమి కావాలి?

'ఫోర్ ట్వంటీ' కనుమరుగు

మూడు కొత్త నేర చట్టాలు 2024 జూలై 1న అమలులోకి వచ్చాయి. 1860 నాటి భారత శిక్షాస్మృతికి బదులు భారతీయ న్యాయ సంహిత, 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌కు బదులు భారతీయ నాగరిక సురక్షా సంహిత, 1872 నాటి సాక్ష్య చట్టానికి బదులు భారతీయ సాక్ష్య అధినియమం వచ్చాయి. మొత్తం 146 మంది ప్రతిపక్ష సభ్యులు సస్పెండైన 2023 శీతాకాల సమావేశాలలో పార్లమెంటు వీటిని ఆమోదించిన సంగతి విదితమే. 511 సెక్షన్ల శిక్షాస్మృతి 358 సెక్షన్లకు తగ్గగా, ప్రొసీజర్ కోడ్ 484 సెక్షన్ల నుంచి 531కి పెరిగింది.

అంకెల మార్పు చిన్న విషయంగా కనిపించవచ్చు. కోర్టు హాలులో అది చిన్నది కాదు. హత్య ఇప్పుడు 103వ సెక్షన్. కొత్త సంహితలో 302 లేకపోలేదు. అది మత మనోభావాలను గాయపరిచే మాటలకు సంబంధించినది. తెలుగువారి నిత్య వ్యవహారంలో మోసగాడికి మారుపేరైపోయిన 'ఫోర్ ట్వంటీ' మాత్రం సంహితలో ఉనికినే కోల్పోయింది. మోసం 318వ సెక్షన్‌లో చేరింది. అన్నిటికంటె ఎక్కువ తికమక పెట్టేది 482. పాత కోడ్‌లో అది కేసు కొట్టివేయవలసిందిగా హైకోర్టును ఆశ్రయించే సెక్షన్. కొత్త సంహితలో అదే అంకె ముందస్తు బెయిలుకు వెళ్ళింది. కేసు కొట్టివేత 528కి మారింది. ఇరవై, ముప్ఫై ఏళ్ళ అనుభవం ఉన్న న్యాయవాది సైతం నోటికి వచ్చిన సెక్షన్‌ను ఒకసారి సరిచూసుకోకుండా పిటిషన్ మీద సంతకం చేయలేడు.

అంకెల వెనుక సారాంశంలోనూ మార్పులున్నాయి. పోలీసు కస్టడీ మొత్తం 15 రోజులకు మించరాదన్న పరిమితి అలాగే ఉన్నా, పాత పద్ధతిలో ఆ గడువు రిమాండు ప్రారంభమైన తొలి పదిహేను రోజులలోనే ముగిసిపోయేది. కొత్త సంహితలోని 187వ సెక్షన్ ప్రకారం నేర తీవ్రతను బట్టి తొలి 40 లేదా 60 రోజులలో ఎప్పుడైనా, విడతలుగా కూడా కస్టడీ కోరవచ్చు. జ్యుడీషియల్ కస్టడీకి వెళ్ళిన వ్యక్తిని నెల తరువాత మళ్ళీ స్టేషనుకు రప్పించే అవకాశం పోలీసులకు దక్కింది. బెయిలు కోసం వాదించే న్యాయవాదికి ఇది కొత్త తలనొప్పి. నిందితుడికి మేలు చేసే నిబంధనలూ లేకపోలేదు. మునుపెన్నడూ శిక్షపడని విచారణ ఖైదీ, తనపై మోపిన నేరానికి విధించదగిన గరిష్ఠ శిక్షలో మూడవ వంతు కాలం జైలులో గడిపితే అతడిని బాండుపై విడుదల చేయాలని 479వ సెక్షన్ చెబుతున్నది. మరణశిక్ష, యావజ్జీవ శిక్ష పడదగిన నేరాలకు ఇది వర్తించదు. ఒకటికి మించిన కేసులున్నవారికీ వర్తించదు. ఈ సదుపాయం 2024 జూలైకి ముందు కేసులు నమోదైనవారికి కూడా చెందుతుందని సుప్రీంకోర్టు అదే ఏడాది ఆగస్టులో స్పష్టం చేసింది. పాత చట్టం కింద జైలుకు వెళ్ళినవాడు కొత్త చట్టం కింద బయటికి రావచ్చునన్న మాట.

మూడేళ్ళ నుంచి ఏడేళ్ళ లోపు శిక్షపడే నేరాలలో ఎఫ్.ఐ.ఆర్. నమోదుకు ముందు, డి.ఎస్.పి. అనుమతితో 14 రోజులలోగా ప్రాథమిక విచారణ జరిపే వీలును 173వ సెక్షన్ కల్పించింది. ప్రసంగాలు, రచనలపై వచ్చే ఫిర్యాదులలో పోలీసులు ఈ వీలును వినియోగించుకోవడం సమంజసమని 2025 మార్చిలో ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ కేసులో సుప్రీంకోర్టు పేర్కొన్నది. ఒక కవిత విషయంలో కేసు పెట్టిన సందర్భం అది.

జిల్లా, తాలూకా కోర్టులలోని న్యాయవాదులకు నిజమైన పరీక్ష సాక్ష్య అధినియమంలోని 63వ సెక్షన్. సెల్‌ఫోన్ సంభాషణను, సి.సి. టి.వి. చిత్రాన్ని సాక్ష్యంగా దాఖలు చేయాలంటే ఇప్పుడు ధ్రువపత్రం రెండు భాగాలుగా ఉండాలి. ఒక భాగం ఆ రికార్డును సమర్పించేవారు, రెండవ భాగం నిపుణుడు ఇవ్వాలి. ఆ ఫైలు మారలేదని నిరూపించే 'హ్యాష్' సంఖ్యను అందులో రాయాలి. చెక్కు బౌన్సు కేసులు, భూతగాదాలు, మనోవర్తి పిటిషన్లతో కాలం గడిపే చిన్న ఊరి న్యాయవాదికి ఆ నిపుణుడు ఎక్కడ దొరుకుతాడు, అతని రుసుము ఎవరు భరించాలి అన్న విషయాలను చట్టం పట్టించుకోలేదు. ఏడేళ్ళు, అంతకు మించిన శిక్షపడే నేరాలలో ఫోరెన్సిక్ నిపుణుడు నేరస్థలానికి వెళ్ళడాన్ని తప్పనిసరి చేసిన నిబంధన విషయంలో మాత్రం రాష్ట్రాలకు అయిదేళ్ళ వెసులుబాటు లభించింది. ప్రభుత్వానికి ఇచ్చిన గడువు పౌరుడికి ఇవ్వలేదు.

చట్టంలో ఉండి కూడా అమలులోకి రాకుండా ఆగిన నిబంధన ఒకటి ఉన్నది. వాహనంతో ఢీకొట్టి, సమాచారం ఇవ్వకుండా పారిపోయే డ్రైవరుకు పదేళ్ళ దాకా శిక్ష విధించే 106వ సెక్షన్ రెండవ ఉపసెక్షన్ అది. 2024 జనవరిలో లారీ డ్రైవర్లు సమ్మెకు దిగారు. సంహిత అమలు తేదీని ఫిబ్రవరిలో ప్రకటించినప్పుడు కేంద్రం ఆ ఒక్క ఉపసెక్షన్‌ను మినహాయించింది.

అరెస్టు కాగితం

తేదీకి ఎంతటి ప్రాముఖ్యం వచ్చిందో తెలుసుకోవడానికి అరెస్టుల చట్టాన్ని మించిన ఉదాహరణ లేదు. మనీ లాండరింగ్ నిరోధక చట్టం కింద ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్‌కు ఉన్న విస్తృతాధికారాలను 2022 జూలై 27న విజయ్ మదన్‌లాల్ కేసులో సుప్రీంకోర్టు సమర్థించింది. నిందితుడికి కేసు సమాచార నివేదిక ప్రతి ఇవ్వవలసిన అవసరం లేదన్నది. అరెస్టుకు కారణాలను తెలియజేస్తే చాలునన్నది. ఎలా తెలియజేయాలి? చదివి వినిపిస్తే సరిపోతుందా? 2023 అక్టోబరు 3న పంకజ్ బన్సల్ కేసులో వచ్చిన తీర్పు దీనికి జవాబు చెప్పింది. కారణాలను రాతపూర్వకంగా, మినహాయింపు లేకుండా ఇవ్వాలన్నది.

అక్కడితో సమస్య తీరలేదు. ఆ తీర్పుకు ముందు అరెస్టయినవారి మాటేమిటి? తీర్పులో 'ఇకమీదట' అన్న మాట ఉన్నందున వారికి అది వర్తించదని అదే ఏడాది డిసెంబరులో రామ్ కిశోర్ అరోరా కేసులో మరొక ధర్మాసనం తేల్చింది. ఒకే చట్టం కింద, ఒకే తీరున అరెస్టయిన ఇద్దరిలో సెప్టెంబరులో పట్టుబడినవాడు లోపలే ఉండగా, అక్టోబరులో పట్టుబడినవాడు బయటికి రాగల పరిస్థితి ఏర్పడింది.

సరిగ్గా ఆ అక్టోబరు 3వ తేదీనే ఢిల్లీ పోలీసులు న్యూస్‌క్లిక్ సంపాదకుడు ప్రబీర్ పుర్కాయస్థను చట్టవ్యతిరేక కార్యకలాపాల నిరోధక చట్టం కింద అరెస్టు చేసి, మర్నాడు తెల్లవారుజామున రిమాండుకు పంపించారు. పంకజ్ బన్సల్ తీర్పు తమకు తెలిసే అవకాశం లేదనీ, అది సుప్రీంకోర్టు వెబ్‌సైటులోకి చేరినది ఆ తరువాతేననీ పోలీసుల తరఫున వాదించారు. 2024 మే 15న సుప్రీంకోర్టు ఈ వాదనను తోసిపుచ్చి అరెస్టు చెల్లదని ప్రకటించింది. తీర్పు వెలువడిన క్షణం నుంచే అది చట్టమన్నది ఇందులోని అంతరార్థం. ఒక మనిషి స్వేచ్ఛ కొన్ని గంటల తేడా మీద ఆధారపడిన సందర్భాలు మన న్యాయ చరిత్రలో అరుదు.

2025 ఫిబ్రవరిలో విహాన్ కుమార్ కేసు, నవంబరు 6న మిహిర్ రాజేశ్ షా కేసు ఈ సూత్రాన్ని సాధారణ నేరాలకు కూడా విస్తరింపజేశాయి. ఏ చట్టం కింద అరెస్టు చేసినా కారణాలను రాతపూర్వకంగా, నిందితుడికి అర్థమయ్యే భాషలో ఇవ్వాలి. వెంటనే ఇవ్వడం సాధ్యపడని సందర్భాలలో మేజిస్ట్రేటు ముందు హాజరుపరచడానికి కనీసం రెండు గంటల ముందైనా అందజేయాలి. గ్రామీణ ప్రాంత నిందితుడికి ఆంగ్లంలో టైపు చేసిన కాగితం మీద వేలిముద్ర వేయించుకుంటే ఇక చెల్లదు. రాజ్యాంగంలోని 22వ అధికరణం చెప్పినది కూడా ఇదే. దానిని పోలీసు స్టేషను గుమ్మం దాకా తేవడానికి ఏడున్నర దశాబ్దాలు పట్టింది. మెట్టు మెట్టుగా, ప్రతి తీర్పూ వెనుకటి తీర్పుపై నిలబడి సాగిన ఈ క్రమం చట్టం ఎలా ఎదగాలో చెప్పే మంచి ఉదాహరణ.

నెలల వ్యవధిలో తిరకాసు

ఇతర రంగాలలో ఇంత సవ్యమైన క్రమం కనిపించదు. స్టాంపు డ్యూటీ చెల్లించని పత్రంలోని మధ్యవర్తిత్వ ఒప్పందం చెల్లదని 2023 ఏప్రిల్ 25న ఎన్.ఎన్. గ్లోబల్ కేసులో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 3-2 మెజారిటీతో తీర్పు చెప్పింది. ఎనిమిది నెలలు తిరగకముందే, డిసెంబరు 13న, ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం దానిని కొట్టివేసింది. స్టాంపు లోపం సరిదిద్దుకోదగినదే తప్ప ఒప్పందాన్ని చెల్లకుండా చేయదన్నది. మలి తీర్పే సబబైనదని చెప్పక తప్పదు. కానీ ఆ ఎనిమిది నెలల్లో మధ్యవర్తి నియామకం కోసం కోర్టుకెక్కి, స్టాంపు కార్యాలయాల చుట్టూ తిరిగినవారికి నష్టపరిహారం ఎవరిస్తారు?

ఢిల్లీ మెట్రో వ్యవహారం ఇంకా విచిత్రమైనది. విమానాశ్రయ మార్గం నిర్వహణపై తలెత్తిన వివాదంలో రిలయన్స్ ఇన్‌ఫ్రా అనుబంధ సంస్థకు అనుకూలంగా 2017లో మధ్యవర్తులు ఇచ్చిన అవార్డును సుప్రీంకోర్టు 2021 సెప్టెంబరులో ఖరారు చేసింది. రివ్యూ పిటిషన్‌ను కూడా తోసిపుచ్చింది. అక్కడితో వివాదం ముగిసినట్లే లెక్క. ఆ తరువాత మిగిలేది క్యూరేటివ్ పిటిషన్ ఒక్కటే. 2002లో రూపా హుర్రా కేసులో సుప్రీంకోర్టు అత్యంత అరుదైన సందర్భాల కోసం కల్పించిన మార్గమది. 2024 ఏప్రిల్ 10న ఆ మార్గంలోనే కోర్టు తన తీర్పును రద్దుచేసింది. వడ్డీతో కలిపి దాదాపు 8 వేల కోట్ల రూపాయలకు చేరిన అవార్డు మాయమైంది. అప్పటికే చెల్లించిన సొమ్మును తిరిగి ఇవ్వవలసి వచ్చింది. ప్రజాధనం మిగిలినందుకు సంతోషించేవారుండవచ్చు. త్వరగా, తుదిగా తేలుతుందన్న హామీ మీదనే మధ్యవర్తిత్వం నిలబడి ఉన్నదని మరువరాదు.

దివాలా చట్టంలో భూషణ్ పవర్ అండ్ స్టీల్ ఉదంతం వాణిజ్య వర్గాలను కుదిపివేసింది. జె.ఎస్.డబ్ల్యు. స్టీల్ సుమారు 19,700 కోట్ల రూపాయల ప్రణాళికతో ఈ సంస్థను చేజిక్కించుకుని, 2021 నుంచి నడుపుతూ వచ్చింది. ఆ ప్రణాళిక చట్టవిరుద్ధమనీ, సంస్థను లిక్విడేట్ చేయాలనీ 2025 మే 2న సుప్రీంకోర్టు ఆదేశించింది. నాలుగేళ్ళుగా నడుస్తున్న కర్మాగారాన్ని తిరిగి అమ్మకానికి పెట్టవలసిన పరిస్థితి. బ్యాంకులు తమకు ముట్టిన సొమ్మును తిరిగి ఇవ్వవలసిన పరిస్థితి. జూలై 31న కోర్టు ఆ తీర్పును ఉపసంహరించుకున్నది. సెప్టెంబరు 26న ప్రణాళికను సమర్థించింది. మే నుంచి సెప్టెంబరు దాకా దివాలా చట్టం కింద సంస్థలను కొన్నవారెవరికీ తమ ఆస్తి తమదేనన్న భరోసా లేదు.

పర్యావరణ చట్టంలోనూ ఇదే వరస. ముందుగా అనుమతి తీసుకోకుండా నిర్మాణాలు మొదలుపెట్టినవారికి ఆ తరువాత అనుమతి ఇవ్వడం కుదరదని 2025 మే 16న జస్టిస్ ఎ.ఎస్. ఓకా, జస్టిస్ ఉజ్జల్ భుయాన్‌ల ధర్మాసనం వనశక్తి కేసులో తీర్పు చెప్పింది. ఓకా కొద్ది రోజులకే పదవీ విరమణ చేశారు. నవంబరు 18న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం 2-1 మెజారిటీతో ఆ తీర్పును ఉపసంహరించుకున్నది. దాదాపు 20 వేల కోట్ల రూపాయల ప్రజాధనంతో చేపట్టిన నిర్మాణాలు కూల్చవలసి వస్తుందన్నది మెజారిటీ చూపిన కారణాలలో ఒకటి. వెనుకటి తీర్పులను మే నాటి ధర్మాసనం లెక్కలోకి తీసుకోలేదన్నది మరొకటి. లోగడ తెలంగాణ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసిన జస్టిస్ భుయాన్ తీవ్రంగా విభేదించారు. ఈ రెండు రోజులకే, గవర్నర్లు బిల్లులపై నిర్ణయం తీసుకోవడానికి 2025 ఏప్రిల్‌లో ఇద్దరు న్యాయమూర్తులు విధించిన గడువులు చెల్లవన్న అర్థం వచ్చేలా, రాష్ట్రపతి అడిగిన ప్రశ్నలకు అయిదుగురు న్యాయమూర్తులు అభిప్రాయం చెప్పారు.

పొరపాటును దిద్దుకోవడం తప్పు కాదు. రాజ్యాంగంలోని 137వ అధికరణం తీర్పుల పునస్సమీక్షకు అధికారం ఇచ్చినది అందుకే. భూషణ్ స్టీల్ తొలి తీర్పు అలాగే నిలిచి ఉంటే నష్టం మరింత పెద్దదయ్యేది. అయితే సుప్రీంకోర్టు ప్రకటించిన చట్టం దేశంలోని కోర్టులన్నిటికీ శిరోధార్యమని 141వ అధికరణం చెబుతున్నప్పుడు, ఆ చట్టం ధర్మాసనంలోని వ్యక్తులు మారగానే మారుతుందన్న అభిప్రాయం ప్రబలడం కోర్టుకే మంచిది కాదు. ఈ ధోరణిపై 2025 నవంబరులో ఆందోళన వ్యక్తం చేసినవారిలో సుప్రీంకోర్టు న్యాయమూర్తులే ఉండడం గమనార్హం. ఓడిపోయిన ప్రతి కక్షిదారూ మరొక ధర్మాసనం కోసం వేచిచూసే పక్షంలో, దేశంలో అయిదు కోట్లు దాటిన పెండింగు కేసులు తగ్గే మార్గం ఏది?

ఇరవై ఏళ్ళ నిరీక్షణ

పాత తీర్పులను విస్తృత ధర్మాసనాలు తిరగరాయడం వేరు. అది రాజ్యాంగబద్ధమైన, అందరికీ తెలిసిన పద్ధతి. అందుకు తెలుగువారికి బాగా తెలిసిన ఉదాహరణ షెడ్యూల్డు కులాల వర్గీకరణ. ఆంధ్రప్రదేశ్ 2000లో చేసిన వర్గీకరణ చట్టాన్ని 2004 నవంబరులో ఇ.వి. చిన్నయ్య కేసులో అయిదుగురు న్యాయమూర్తులు కొట్టివేశారు. 2024 ఆగస్టు 1న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 6-1 మెజారిటీతో ఆ తీర్పు తప్పన్నది. తెలంగాణ 2025 ఏప్రిల్ 14 నుంచి 59 కులాలను మూడు వర్గాలుగా విభజించి ఒకటి, తొమ్మిది, అయిదు శాతం చొప్పున రిజర్వేషన్లను అమలులోకి తెచ్చింది. ఆంధ్రప్రదేశ్ అదే నెలలో ఆర్డినెన్సు ద్వారా ఒకటి, ఆరున్నర, ఏడున్నర శాతాలుగా విభజించింది. చట్టం చివరికి దారికి వచ్చిందని హర్షించేవారు ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి. 2004లో డిగ్రీ పూర్తిచేసిన యువకుడు 2024 నాటికి నలభైలు దాటాడు. అతడికి ఈ తీర్పు ఏ ఉద్యోగాన్నీ తెచ్చిపెట్టదు.

ఖనిజాల కేసులో కాలం వెనక్కు నడిచింది. రాయల్టీ పన్ను కాదనీ, ఖనిజ భూములపై పన్ను వేసే అధికారం రాష్ట్రాలకు ఉన్నదనీ 2024 జూలై 25న తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 8-1 మెజారిటీతో తేల్చి, 1989 నాటి ఇండియా సిమెంట్ తీర్పును తోసిపుచ్చింది. ఈ తీర్పును ఇకమీదటి లావాదేవీలకే పరిమితం చేయాలన్న గనుల సంస్థల విజ్ఞప్తిని ఆగస్టు 14న నిరాకరించింది. రాష్ట్రాలు 2005 ఏప్రిల్ 1 నుంచి బకాయిలను అడగవచ్చునన్నది. ఊరటగా వడ్డీ, జరిమానా మాఫీ చేసి, 2026 ఏప్రిల్ 1 నుంచి పన్నెండేళ్ళ వాయిదాలు ఇచ్చింది. సుప్రీంకోర్టు తీర్పునే నమ్మి పన్ను కట్టనివారు ఆ నమ్మకానికే మూల్యం చెల్లించవలసి వచ్చింది.

ఇక్కడే ఒక తెలుగు న్యాయమూర్తిని తలచుకోవలసి ఉన్నది. చట్టాన్ని కొత్తగా ప్రకటిస్తూనే, దానిని గడిచిన వ్యవహారాలకు కాక రాబోయే వాటికే వర్తింపజేసే సిద్ధాంతాన్ని 1967లో గోలక్‌నాథ్ కేసులో మన దేశంలో ప్రవేశపెట్టినవారు ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు. రాజమండ్రిలో జన్మించిన ఆయన ఆంధ్ర హైకోర్టుకు తొలి ప్రధాన న్యాయమూర్తి. గోలక్‌నాథ్ తీర్పును 1973లో కేశవానంద భారతి ధర్మాసనం తోసిపుచ్చినా, ఈ సిద్ధాంతం మాత్రం నిలిచింది. నేడు దానిని వాడుతున్న తీరులో ఒక పద్ధతి కనిపించదు. వనశక్తి మే తీర్పు అప్పటికే ఇచ్చిన అనుమతులను కాపాడింది. ఖనిజాల తీర్పు కాపాడలేదు. పంకజ్ బన్సల్ తీర్పులో ఒక్క పదం ఉండడం వల్ల డిసెంబరులో మరొక ధర్మాసనం కూర్చుని దాని భావం చెప్పవలసి వచ్చింది. పాత చట్టాన్ని తోసిపుచ్చే ప్రతి తీర్పూ తాను ఏ తేదీ నుంచి, ఎవరికి వర్తిస్తుందో అదే తీర్పులో చెప్పితీరాలన్న నియమాన్ని కోర్టు తనకు తాను విధించుకుంటే సగం వివాదాలు పుట్టకుండానే పోతాయి. దీనికి పార్లమెంటు అనుమతి అక్కరలేదు.

వేతనం, పన్ను, భూమి

కార్మిక రంగంలో 29 చట్టాల స్థానాన్ని ఆక్రమించిన నాలుగు కోడ్‌లు 2019, 2020 సంవత్సరాలలోనే ఆమోదం పొందినా, 2025 నవంబరు 21న గాని అమలులోకి రాలేదు. ఆనాటికి కొత్త నియమావళులు ఖరారు కాలేదు. కోడ్‌లకు విరుద్ధం కానంత మేరకు పాత నియమాలతోనే బండి నడపవలసి వచ్చింది. అలవెన్సులు మొత్తం జీతంలో సగం దాటితే, దాటిన భాగాన్ని వేతనంగానే లెక్కించాలన్న నిర్వచనం గ్రాట్యుటీ, ప్రావిడెంట్ ఫండ్ లెక్కలను తారుమారు చేస్తుంది. నిర్ణీత కాల ఉద్యోగికి ఏడాది సర్వీసుకే గ్రాట్యుటీ దక్కడం కార్మికులకు లాభం. ముందస్తు అనుమతి లేకుండా లేఆఫ్, మూసివేత ప్రకటించగల ఫ్యాక్టరీల పరిమితిని 100 మంది నుంచి 300 మందికి పెంచడం వారికి నష్టం. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం స్థానంలో వచ్చిన 2025 చట్టానికి అమలు తేదీ 2026 ఏప్రిల్ 1. అది 536 సెక్షన్లతో, 'అసెస్‌మెంట్ ఇయర్' అన్న మాట లేకుండా వచ్చింది.

తెలంగాణలో భూమి కేసులు చూసే న్యాయవాది అయిదేళ్ళలో మూడు చట్టాలు చదవవలసి వచ్చింది. 1971 నాటి హక్కుల రికార్డు చట్టం పోయి 2020లో ధరణి చట్టం వచ్చింది. రెవెన్యూ కోర్టులు రద్దయి, పాసుపుస్తకంలో అక్షర దోషానికి కూడా రైతు సివిల్ కోర్టు మెట్లు ఎక్కవలసి వచ్చింది. 2025లో భూభారతి చట్టం అప్పీలు మార్గాన్ని పునరుద్ధరించింది. ఆంధ్రప్రదేశ్‌లో భూ యాజమాన్య హక్కు చట్టం 2023 అక్టోబరులో అమలులోకి రాగా, న్యాయవాదులు వారాల తరబడి కోర్టు విధులు బహిష్కరించారు. 2024లో ప్రభుత్వం మారిన వెంటనే శాసనసభ ఆ చట్టాన్ని రద్దుచేసింది.

న్యాయవాదుల సొంత వృత్తికి సంబంధించిన చట్టమూ నిలకడగా లేదు. న్యాయవాది సేవలలో లోపంపై వినియోగదారుల ఫోరంలో ఫిర్యాదు చెల్లదని 2024 మే 14న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. బార్ కౌన్సిళ్ళు ఎన్‌రోల్‌మెంటుకు చట్టంలో ఉన్న 750 రూపాయలకు మించి (షెడ్యూల్డు కులాలు, తెగలవారి నుంచి 125కు మించి) వసూలు చేయరాదని అదే ఏడాది జూలై 30న ఆదేశించింది. అంతకు ముందు వేలకు వేలు కట్టినవారికి మాత్రం తిరిగి ఇవ్వనక్కరలేదన్నది. జూనియర్ సివిల్ జడ్జి పదవికి మూడేళ్ళ ప్రాక్టీసు తప్పనిసరి అని 2025 మే 20న చెప్పి, అప్పటికే మొదలైన నియామకాలను మినహాయించింది. కక్షిదారుకిచ్చిన సలహాపై న్యాయవాదినే దర్యాప్తు సంస్థలు పిలిపించే ధోరణికి 2025 అక్టోబరు 31న అడ్డుకట్ట వేసింది. చట్టంలో పేర్కొన్న మినహాయింపులలో తప్ప, అదీ ఎస్.పి. స్థాయికి తగ్గని అధికారి రాతపూర్వక ఆమోదంతో తప్ప సమన్లు జారీ చేయరాదన్నది.

2024 జూన్ 30 అర్ధరాత్రి లోపు జరిగిన హత్య ఎప్పుడు బయటపడినా దానికి 302వ సెక్షనే. ఎఫ్.ఐ.ఆర్. మాత్రం కొత్త సంహిత ప్రకారం నమోదవుతుంది. జూలై 1 నాటికే నడుస్తున్న విచారణలు, అప్పీళ్ళు పాత కోడ్ కిందే సాగాలని 531వ సెక్షన్ చెప్పినా, ఆ తరువాత దాఖలైన అప్పీలు ఏ కోడ్ కిందికి వస్తుందన్న దానిపై హైకోర్టులలో భిన్నాభిప్రాయాలు వెలువడ్డాయి. 2026 ఏప్రిల్‌కు ముందటి సంవత్సరాల పన్ను వివాదాలు 1961 చట్టం ప్రకారమే తేలాలి. ఈ కేసులన్నీ ముగిసేదాకా, అంటే మన కోర్టుల వేగాన్ని బట్టి కనీసం ఇరవై ఏళ్ళ పాటు, న్యాయవాది అలమరలో పాత పుస్తకమూ కొత్త పుస్తకమూ పక్కపక్కనే ఉండక తప్పదు.